కోదాడ పెట్టెతో మిర్యాలగూడ పియానో దాకా

సూర్యాపేటలో నేను టీ తాగని హోటలు లేదు. "కరుణ నా శిష్యురాలు" అని నేను చెప్పని బల్ల కూడా ఆ హోటళ్లలో లేదు. వియన్నా, వార్సా, టోక్యో లాంటి ఊళ్లలో పెద్ద పెద్ద హాళ్లలో కూర్చుని పియానో వాయించే మన కోదాడ పిల్లకు సరిగమలు దిద్దించింది ఈ హార్మోనియం నర్సయ్యే. పెట్టె మెట్ల మీద వేళ్లు ఎట్లా నిలపాలో నేర్పింది నేనే. మొదటిసారి విమానం ఎక్కించింది కూడా నేనే.

విమానం సంగతి వట్టిది. శంషాబాద్ నేను ఇంతవరకూ చూడలేదు.

గురువారం మధ్యాహ్నం దుకాణంలో ఒక భజన మండలి వాళ్ల హార్మోనియం పెట్టెకు రీడ్లు మారుస్తుంటే ఫోన్ మోగింది. కరుణే. శనివారం సాయంత్రం నాలుగింటికి మిర్యాలగూడలో వాయిస్తున్నానని, తప్పకుండా రావాలని చెప్పింది. ఇన్ని దేశాలు తిరిగింది గానీ పుట్టిన ఉమ్మడి జిల్లాలో వాయించడం ఇదే మొదటిసారి. ఆ తర్వాత ఇంకో మాట అన్నది. "వచ్చేటప్పుడు కోదాడ చర్చిల మన పాత హార్మోనియం ఉంది గదా మాస్టారూ, దాన్ని జర బాగుచేసి పట్టుకొని రాండి. స్టేజి మీద కావాలె."

నా సంతోషం ఒక్క టీ తాగినంతసేపు నిలిచింది. గ్లాసు కింద పెట్టేసరికి భయం మొదలైంది. ఆ పెట్టె దగ్గర ముప్పై ఏళ్ల కిందట ఒకటి జరిగింది. అది ఆమెకు తెలుసు, నాకు తెలుసు. వేదికెక్కి ఆమె దాన్ని చెప్పిందంటే సూర్యాపేటలో నా పరువు ఆ రోజుతో ఖతం. చెప్పకపోయినా అడిగేవాడు ఒకడున్నాడు. దర్జీ సత్తయ్య. నా మాట ఒక్కటీ నమ్మని నా ప్రాణస్నేహితుడు. వాడు శుక్రవారమే మిర్యాలగూడలో కూతురింటికి పోయి, "రెండో వరుసల కూసుంట, నీ గురుత్వం ఎంతదో సూస్త" అని కబురు పెట్టాడు.

శనివారం పొద్దున ఆరుంబావుకు విజయవాడ పోయే ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. చేతిలో పనిముట్ల సంచి, అందులో ఆకురాయి, స్క్రూడ్రైవర్లు, మెత్తటి తోలుముక్క, జిగురు డబ్బా. కిటికీ పక్క సీటు దొరికింది. నా పక్కన తిరుమలగిరి నుంచి వచ్చిన పత్తి రైతు, కోదాడలో అల్లుణ్ణి చూడటానికి పోతున్నాడు. సంచిలోంచి ఆకురాయి తనకు పొడుచుకుంటుంటే ఏమిటని అడిగాడు. ఇంకేం కావాలి నాకు? మునగాల దాటేలోపు జపాన్ రాజు ఇంట్లో కరుణ వాయించడం, ఆయన లేచి నిలబడి దండం పెట్టడం, "నీ గురువెవరమ్మా" అంటే ఆమె నా పేరు చెప్పడం అన్నీ జరిగిపోయాయి.

(జపాన్‌లో ఆమె వాయించిన మాట నిజం. రాజు రాలేదు.)

రైతు శ్రద్ధగా విని అడిగాడు. "పియానో అంటే ఎట్లుంటది తాతా?"

"హార్మోనియానికి పెద్దన్న లెక్క. మూడు కాళ్లుంటయి. తీగెలకు సుత్తెలు తగిలి మోగుతది. గాలి కొట్టే పనుండదు."

"గాలి కొట్టకుంటే మరి ఎడమ చెయ్యి ఏం జేస్తది?"

పత్తి చేలోంచి వచ్చిన మనిషి సరిగ్గా అక్కడే వేలు పెట్టాడు. నిద్ర వస్తోందని కళ్లు మూసుకున్నాను. ఆయనకు చెప్పనిది మీకు చెబుతాను.

హార్మోనియం సంగతి మీకు తెలిసిందే. కుడిచెయ్యి మెట్ల మీద ఆడుతుంది, ఎడమచెయ్యి వెనక తిత్తిని కొడుతుంది. తిత్తి ఆగితే రెండు శ్వాసలసేపు మోగి పెట్టె మూగపోతుంది. ఆ రోజుల్లో ప్రతి శనివారం కోదాడ పోయి చర్చిలో పాటల బృందానికి నేర్పేవాణ్ణి. బళ్లో పంతులు దేవదానం సార్ తన తొమ్మిదేళ్ల కూతురు కరుణను తెచ్చి కూర్చోబెట్టాడు. పిల్లకు చెవి ఉంది, ఒప్పుకోవాలి. కానీ స్వరం ఎత్తుకున్న మరుక్షణం ఎడమచెయ్యి తిత్తిని వదిలేసి మెట్ల మీదికి వచ్చేది. రెండు చేతులతో ఏదో వెతుక్కునేది. పెట్టె మూగపోయేది. ఆకురాయి పిడితో ఆ చేతి మీద కొట్టేవాణ్ణి. మళ్లీ వచ్చేది. మళ్లీ కొట్టేవాణ్ణి. మూడు నెలలు ఇదే తంతు. చివరికి దేవదానం సార్‌తో తేల్చి చెప్పాను. "ఈ పిల్లకు సంగీతం అబ్బదు సార్. ఎడమచెయ్యి చెప్పినమాట వింటలేదు. కుట్టుమిషన్ నేర్పియ్యి, రెండు చేతులకు పనుంటది."

తలుపు వెనక నిలబడి పిల్ల విన్నది. నేను చూశాను. చూసి కూడా ఆగలేదు.

నా గురుత్వం ఆ మూడు నెలలే. మిగిలిందంతా హోటళ్లలో కట్టిన మేడ. అందుకే మిర్యాలగూడకు తొందరగా చేరి, కచేరీకి ముందే కరుణను ఒంటరిగా కలిసి, ఆ కుట్టుమిషన్ మాట ఒక్కటి దాచమని బతిమాలుకోవాలని నా ప్రణాళిక.

ఏడూ ఇరవైకి కోదాడలో దిగాను. స్టాండుకు ఎదురుగా బండి మీద నాలుగు ఇడ్లీ, కారప్పొడి, నెయ్యి. ఈ దారిన వచ్చేవాళ్లు ఆ బండి వదలొద్దు, చట్నీ మాత్రం రెండోసారి అడగొద్దు. అక్కడి నుంచి ఆటోలో చర్చికి పది నిమిషాలు.

తాళాలు దేవదానం సార్ అక్క సలోమమ్మ దగ్గర ఉంటాయి. సార్ పోయి ఆరేళ్లయింది. నన్ను చూసి గుర్తుపట్టి, "మాస్టారు గారా, రండి రండి. మీరు సన్నబడ్డారు, మీ పేరు మాత్రం లావెక్కిందంట గదా" అన్నది. సూర్యాపేట టీ హోటళ్ల కబుర్లు కోదాడ దాకా వస్తాయని అప్పుడు తెలిసింది.

పెట్టె పక్కగదిలో ఉంది. ఆ గది గోడ చూసి కాసేపు పెట్టెను మరిచిపోయాను. కరుణ ఏ ఊళ్లో వాయిస్తే ఆ ఊరి కార్యక్రమ పత్రం ఒకటి మేనత్తకు పంపుతుందట. సలోమమ్మ వాటిని మైదాపిండి జిగురుతో గోడకు అంటించింది. వియన్నా, వార్సా, లిస్బన్, టోక్యో, నాకు చదవరాని ఇంకెన్నో లిపులు. సికింద్రాబాద్ కాన్వెంటు బళ్లో కరుణ ఒక సిస్టరు దగ్గర మొదటిసారి పియానో ముట్టుకోవడం, అక్కణ్ణుంచి స్కాలర్‌షిప్ మీద బయటి దేశం పోవడం ఆమె వరసగా చెప్పింది. లిస్బన్ కాగితం మీద వేలు పెట్టి, అక్కడ ఒక పేరున్న పెద్దాయన జబ్బుపడితే ఒక్కరోజు ముందు చెప్పి కరుణను కూర్చోబెట్టారని, ఆ సాయంత్రం నుంచే పిల్ల దశ తిరిగిందని అన్నది. మేనకోడలి సంగతి చెప్పినట్టు కాక, పోలేరమ్మ మహిమ చెప్పినట్టు చెప్పిందని రాయబోయి ఆగాను. సలోమమ్మ చదివితే కొడుతుంది.

పెట్టె విప్పాను. తిత్తికి ఎలుక కొట్టిన చిల్లు, కింది స్వరాల రీడ్లు నాలుగింటికి చిలుము. చిల్లుకు తోలు అతికించి, రీడ్లు శుభ్రం చేస్తూ తిత్తి పలకను తిప్పి చూశాను. ఏభై ఏళ్లు పెట్టెలు విప్పినవాణ్ణి, పలక చూస్తే ఎవరు వాయించారో చెప్పగలను. వాయించేవాళ్లు తిత్తిని ఎడమచేతి వేళ్లతో పట్టుకుంటారు కాబట్టి పలక పై అంచున ఒక మూల అరుగుతుంది. ఈ పలక నడిమధ్యన అరిగింది. వెడల్పుగా, నున్నగా, ఒక పెద్ద అరచెయ్యి పట్టేంత. మెట్ల వైపు కూర్చున్న మనిషి చేసిన గుర్తు కాదది. పెట్టెకు ఎదురుగా కూర్చున్న ఇంకో మనిషిది.

సలోమమ్మను అడిగాను.

"మా తమ్ముడిదండీ" అన్నది. "మీరు వద్దని పోయారా, ఆ సోమవారం నుంచే. బడి అయిపోగానే ఇద్దరూ వచ్చేవాళ్లు. వాడు ఎదురుగ కూర్చొని గాలి కొట్టేవాడు, అది రెండు చేతులతో వాయించేది. రెండేళ్లు. అన్నానికి పిలిస్తే కూడ లేచేవాళ్లు కాదు."

నాకు అప్పుడు ఏ అబద్ధమూ తోచలేదు. స్క్రూలు బిగించాను.

పాటల బృందం మధ్యాహ్నం కిరాయి వ్యాన్‌లో వస్తుందని, పెట్టె దాంట్లో పంపుదామని సలోమమ్మ అన్నది గానీ నేను వినలేదు. నా బతిమాలుకోవడం పని మిగిలే ఉంది. పదీ ఇరవైకి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ పోయే బస్సు ఎక్కి, పెట్టెను పక్క సీట్లో కూర్చోబెట్టాను. కండక్టరమ్మ వచ్చి పెట్టెకు లగేజీ టికెట్ తీసుకోమన్నది. బస్సులో ఆడవాళ్లకు ఉచితం కదా, ఇది సాక్షాత్తు సరస్వతి, టికెట్ ఎట్లా కొడతావని వాదించాను.

"నాకేం అభ్యంతరం లేదు తాతా" అన్నది ఆమె. "ఆమె ఆధార్ కార్డు సూపియ్యి."

బస్సంతా నవ్వింది. సరస్వతికి ముప్పై రూపాయల టికెట్ తీసుకున్నాను.

వరికోతల కాలం. గరిడేపల్లి దాటినప్పటి నుంచి రోడ్డు సగం బస్సులది, సగం ఆరబోసిన వడ్లది. నేరేడుచర్లలో పాలకీడు వాళ్లు కొందరు దిగారు. తర్వాత బస్సు ఆగింది. జనం కోరితే పెట్టె తెరిచి వాయించాను. నా సంగీతం వినడానికి డ్రైవరు అరగంట బస్సు ఆపేశాడు.

మిల్లులకు వడ్లు తోలే ట్రాక్టర్లు ముందు వరసకట్టి ఉన్నాయి, అందుకు ఆపాడు. కానీ వాయించినమాట నిజం. ఒక పెద్దమనిషి, "కుట్టుమిషన్ లెక్క టకటక కొడుతున్నవు, మంచిగుంది" అని మెచ్చుకున్నాడు. ప్రపంచంలో ఇంకే పోలికా దొరకలేదు ఆయనకు.

పన్నెండూ ఏభైకి మిర్యాలగూడ. స్టేషన్ రోడ్డులో భోజనం చేశాను. ఊరు బియ్యం మిల్లుల ఊరు కాబట్టి అన్నం బాగుంటుందని చెప్పనక్కర్లేదు, గోంగూర పప్పు అంతకంటే బాగుంది. ఒక మిల్లు యజమాని కట్టించిన ఫంక్షన్ హాలులో కచేరీ. నేను వెళ్లేసరికి హైదరాబాద్ నుంచి లారీలో వచ్చిన పియానో వేదిక మీద ఉంది. దాన్ని దించింది మిల్లు హమాలీలు. ఎనిమిదిమంది భుజాలకు గోనెపట్టాలు వేసుకుని ఎక్కడా తగలకుండా ఎక్కించారట. పని అయినా పోకుండా, మోగుతుందో లేదో చూసి పోతామని వెనక గోడకు ఆనుకుని కూర్చున్నారు.

కరుణ వేదిక మీదే ఉంది. నేత చీర, పొట్టిగా కత్తిరించిన జుట్టు. వచ్చి నా కాళ్లకు దండం పెట్టింది. నాకు సిగ్గయింది. ఇదే సమయమనుకుని గొంతు తగ్గించి మొదలుపెట్టాను. "కరుణమ్మా, ఆ కుట్టుమిషన్ ముచ్చట..."

"అది చెప్పకుంటే ఎట్ల మాస్టారూ?" అని నవ్వింది. "పెట్టె పియానో పక్కన పెట్టియ్యండి. మీరు ముందు వరసల కూసోండి, ఎటు పోకండి."

అంతే, నా ప్రణాళిక ముగిసింది. ముందు వరసలో కూర్చున్నాను. వెనక వరసలో సత్తయ్య అప్పటికే ఉన్నాడు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని, పెళ్లికొచ్చినవాడిలా.

నాలుగూ పదికి మొదలైంది. హాలులో రెండువేలమంది. లేదు, కుర్చీలు ఆరువందలు, గోడల పక్కన నిలబడ్డవాళ్లు ఇంకో వంద. మిల్లు యజమానులు, టీచర్లు, కోదాడ వ్యానులో వచ్చిన బృందం, చంకన పిల్లలతో ఆడవాళ్లు. ఎప్పుడు చప్పట్లు కొట్టాలో ఎవరికీ తెలియదు. మొదటి ముక్క మధ్యలో ఆగితే కొందరు కొట్టారు, ఆమె నవ్వి తల ఊపి మళ్లీ అందుకుంది. ఎప్పుడో పోయిన ఒక జర్మనీ దేశపు ఆయన రాసిన సంగీతమట. నాకు దాని పేరు రాదు. నేను చూసింది ఎడమచెయ్యి. కుడిచెయ్యి పైన పాడుతుంటే ఎడమచెయ్యి కింద నడుస్తుంది. ఒకసారి దానికి ఎదురు చెబుతుంది, ఒకసారి మోస్తుంది. ఒకచోట కుడిచెయ్యి ఒడిలో ఊరుకున్నది, ఎడమచెయ్యి ఒక్కటే హాలంతా నింపింది. మిల్లు రేకుల మీద వాన మొదలైనట్టు, పెరిగినట్టు, ఊరంతా తడిసినట్టు. నేను ఆకురాయి పిడితో కొట్టిన చెయ్యి అదే. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. సత్తయ్య వెనక నుంచి రుమాలు అందించాడు. వాడి సొంతానికి ఇంకోటి ఉంది.

గంటకు పైగా వాయించి లేచింది. జనం లేచి నిలబడ్డారు. వెనక హమాలీలు ఈలలు వేశారు. ఇంక అయిపోయింది, బతికానని నేను కూడా లేవబోయాను. ఆమె మైకు తీసుకుంది.

"ఈయన నర్సయ్య మాస్టారు. నాకు మూడు నెలలు నేర్పిండు. మూడు నెలలే. తర్వాత నాకు సంగీతం రాదు, కుట్టుమిషన్ నేర్పియ్యమని మా నాయనకు చెప్పిండు."

హాలంతా నవ్వింది. సత్తయ్య నవ్వు అందరికంటే పైన వినబడింది. నేల వైపు చూస్తూ కూర్చున్నాను. హోటళ్లలో కట్టిన మేడ మొత్తం ఒక్క నిమిషంలో కూలింది. విచిత్రంగా, ఒళ్లు తేలికైంది కూడా.

ఆమె ఇంకా ఆపలేదు. "నేను తలుపెనక ఉండి విన్న. చానా ఏడ్సిన. కానీ మాస్టారు చెప్పింది నిజమే. నా రెండు చేతులకు పని కావాలె. ఆ మాట పట్టుకొనే మా నాయన ఎదురుంగ కూసొని గాలి కొట్టిండు. మాస్టారు ఓపిక పట్టి ఒక్క చేత్తోని మంచిగ నేర్పితే నేను కోదాడలనే ఉండేదాన్ని. ఇయ్యాల ఆ పెట్టె మీద మా నాయనతోని వాయించిందే వాయించాలని ఉంది. నాయన లేడు." నా వైపు తిరిగింది. "మాస్టారూ, గాలి కొడతరా?"

లేచి వేదిక మెట్లెక్కాను. చాప మీద పెట్టెకు ఎదురుగా కూర్చున్నాను. పలక నడుమ నున్నగా అరిగినచోట నా ఎడమ అరచెయ్యి పెట్టాను. దేవదానం సార్ చెయ్యి నా చేతికంటే పెద్దది. గుర్తు నా చెయ్యి చుట్టూ ఇంకా మిగిలింది.

సరళీ స్వరాలతో మొదలుపెట్టింది. నేను దిద్దించినవే, కుడిచేత్తో. రెండో వరసకు ఎడమచెయ్యి వచ్చింది. నేను ఎన్నడూ ఎరగని దారిన కింది నుంచి పైకి నడుచుకుంటూ వచ్చి ఆ పసిపిల్లల పాఠాన్ని ఎత్తుకుంది. అలవాటు కొద్దీ నేను కుడిచేతికి సరిపడా గాలే కొడుతున్నాను.

ఆమె తల వంచి మెల్లగా అన్నది. "ఇంక జర గట్టిగ మాస్టారూ. ఎడమచేతికి సాలుతలేదు."

కొట్టాను. డెబ్బై ఆరేళ్ల భుజం ఎంత కొట్టగలదో అంత కొట్టాను. నేను అతికించిన తోలు నిలిచింది. చిలుము తీసిన నాలుగు రీడ్లూ కంచు గంటల్లా పలికాయి. ఏడు నిమిషాలు. ఒక్క చోట కూడా పెట్టె మూగపోలేదు. అయ్యాక వచ్చిన చప్పట్ల గురించి ఎంత పెంచి చెప్పాలన్నా నాకు చోటు మిగల్లేదు. అసలే అంత పెద్దవి.

ఆరు దాటాక బయటికొచ్చాం. ఆమె వచ్చేవారం లిస్బన్‌లో ఉంటుందట. పెట్టెను సలోమమ్మ వ్యాన్‌లో ఒళ్లో పెట్టుకుని కోదాడ తీసుకుపోయింది. రాత్రికి అక్కడ ఉండటం వద్దనుకుని నేనూ సత్తయ్యా ఆరూ నలభై బస్సులో సూర్యాపేటకు బయలుదేరాం. పక్క సీట్లో నిడమనూరులో పనిచేసే టీచరమ్మ ఒకామె, తాను కూడా కచేరీ నుంచే వస్తున్నానని, హాలు బయట నిలబడి విన్నానని, లోపల మైకులో ఏం మాట్లాడారో గోలలో తెలియలేదని చెప్పింది.

ఇంతవరకు నా మాట ఒక్కటీ నమ్మని సత్తయ్య గొంతు సవరించుకున్నాడు. "ఈయన లేకుంటే కరుణ లేదమ్మా. గురువంటే ఈయన. పదేండ్లు నేర్పిండు. వచ్చే నెల ఈయన్ని కూడ వియన్నా తీస్కపోతున్నది."

"కాదమ్మా" అన్నాను. "మూడు నెలలే. తర్వాత ఎల్లగొట్టిన. ఇయ్యాల గాలి కొట్టిన, గంతే."

టీచరమ్మ నా వైపు గౌరవంగా చూసింది. "పెద్దోళ్లు గట్లనే తగ్గించుకొని చెప్తరు."

జీవితంలో మొదటిసారి నిజం చెబితే నమ్మినవాళ్లు లేరు. సత్తయ్య మాత్రం దారిపొడవునా నన్ను పెంచుతూనే వచ్చాడు. అంత బాగా నేను కూడా ఎప్పుడూ చెప్పుకోలేదు.

ఎనిమిదింబావుకు సూర్యాపేట స్టాండులో దిగేటప్పుడు పనిముట్ల సంచి ఎత్తుకోబోయాను. గాలి కొట్టిన ఎడమచెయ్యి చెప్పినమాట వినలేదు. దాన్ని ఏమీ అనకుండా, సంచి కుడిచేత్తో పట్టుకుని దిగాను.